గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్లారు?

ఏటా వరసలో నిలబడి ఇంటి పన్ను కట్టి వస్తుంటాను. రసీదు మీద చీరాల మున్సిపాలిటీ అన్న అక్షరాలు కనబడినప్పుడల్లా మా మామ్మ గుర్తొస్తుంది. ఈ మున్సిపాలిటీ మాకొద్దనే కదా 1921లో మావాళ్లు ఇళ్లకు తాళాలేసి ఊరు వదిలింది!

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఆనుకుని ఉన్న ఊళ్లు. రెంటికీ కలిపి జనం 15 వేలు. చాలామందికి మగ్గమే ఆధారం. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు ఇక్కణ్నుంచే సముద్రం దాటి అరబ్బు దేశాలకు పోయేవి. మున్సిపాలిటీ కంటే చిన్న హోదా అయిన యూనియన్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడ వసూలయ్యే పన్ను ఏడాదికి 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసేసరికి అది 40,000 దాకా ఎగబాకింది. ఒరిగేదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఎంత వానైనా గంటలో ఇంకిపోయే ఇసక నేల మాది. మురుగు కాలవ కోసం రుమాళ్లమ్మిన డబ్బు పోయమంటే ఎవరు పోస్తారు?

పన్ను కట్టం అన్నారు. కట్టనివాళ్లను జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలమేలుమంగమ్మ ఒకరు. ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చినవారు, ఆంధ్రరత్న. ఆయన గురించి పుస్తకాలున్నాయి, ఉండాల్సిందే. అలమేలుమంగమ్మ గారికి మాత్రం ఆ పుస్తకాల్లో ఒక వాక్యం దక్కింది.

బెజవాడలో కాంగ్రెస్ సమావేశం ముగిశాక గాంధీ గారు ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. శాంతంగా పన్ను నిరాకరించండి, లేదా ఊరే వదిలిపొండి, కానీ కాంగ్రెస్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు అన్నారు. మామ్మకు అప్పటికి పదేళ్లు.

"గాంధీ గారిని చూశావా మామ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఏం చూశాన్రా! జనం వీపులు చూశాను. మా నాన్న భుజాన ఎక్కించుకుంటే అప్పుడు తలపాగాలు కనబడ్డాయి."

నెల తిరక్కుండానే దాదాపు 13 వేల మంది కదిలారు. పొలిమేర దాటి తాటాకు పాకలేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. అన్ని కులాల వాళ్లూ ఉన్న సభ ఒకటి ఎన్నుకున్నారు. తగవులు తీర్చుకోవడానికి పంచాయతీ ఉండేది. గోపాలకృష్ణయ్య గారి రామదండు కుర్రాళ్లు కాపలా తిరిగేవాళ్లు. పుస్తకాల్లో ఇదంతా ఉంది. నాకు అర్థం కానిది వేరే: గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్లారు?

ఈ మగ్గం చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించుతాడు. తొక్కుడు చెక్కలు అందులోనే ఉంటాయి. అచ్చు, నాడె, దోనె, అన్నీ విప్పి బండిలో వేసుకోవచ్చు. గుంటను ఏ బండిలో వేస్తారు? అది కొత్తచోట మళ్లీ తవ్వుకోవాల్సిందే. మా నేలలో తవ్వితే అంచులు జారిపోతాయి. బంకమట్టి తెచ్చి మెత్తాలి. పైగా గుంటలో చెమ్మ ఉంటేనే పోగు తెగకుండా సాగుతుంది. ఏప్రిల్ నెలాఖరు వడగాడ్పులో, కొత్త పాకలో, ఎండిన గుంటలో పడుగు ఎన్నిసార్లు తెగి ఉంటుందో నేతపని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మామ్మవాళ్లమ్మ పొద్దస్తమానం గోనెలు తడిపి గుంట చుట్టూ పరిచేదట. నీళ్లు మోసింది మామ్మ. స్వాతంత్ర్య పోరాటంలో తన పాత్ర ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే ఆ బిందె సంగతే చెప్పేది. ఎవరూ అడగలేదు, నేను తప్ప.

రానివాళ్లూ ఓ 2 వేల మంది ఉన్నారు. వాళ్లను ద్రోహులని తిట్టిపోసే కథలు విన్నాను. నాకు నోరు రాదు. మంచాన పడ్డ ముసలివాళ్లను, పురిటి మనిషిని ఎత్తుకుని పాకలోకి పోవడం అందరివల్లా అయ్యే పనా?

గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో పట్టుకుని, ఏడాది శిక్షేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. చేతిలో డబ్బు లేదు, ముందుండి నడిపేవాళ్లు లేరు. ఎండలూ వానలూ చలీ అయ్యాక, పదకొండు నెలలకు జనం ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగొచ్చారు. మున్సిపాలిటీ ఉండనే ఉంది.

మామ్మవాళ్లు తలుపు తీసేసరికి పాత గుంటలో కుక్క ఈని ఉందట. పెరటి గోడ కూలిన చోటునుంచి వచ్చి ఉంటుంది. కూనలు కళ్లు తెరిచేదాకా వాళ్ల నాన్న మగ్గం బిగించలేదట. ఈలోగా పన్ను నోటీసు రానే వచ్చింది.