నాలుగు అరల కిటికీ

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ యొడ్డున నున్న బడ్జ్ బడ్జ్‌ను చూచినవారికి ఒక సంగతి తోచక మానదు. ఒడ్డున చమురు ట్యాంకులు పెక్కు గలవు. ఓడ నిలుచు జెట్టీలు మాత్రము కొద్ది. ఎన్ని ఓడలు వచ్చినను, వంతు వచ్చినదియే జెట్టీకి చేరవలెను. అక్కడ నిలిచియున్నప్పుడు నాకు తొలినాటి పర్సనల్ కంప్యూటర్ల మెమరీ కథ జ్ఞప్తికి వచ్చినది. ఆర్ట్సు పట్టభద్రుడనగుటచే ఇట్టి పోలిక లేనిదే యంత్రవిషయము నా తలకెక్కదు. పాఠకులు మన్నింతురు గాక.

మెమరీ కొఱత ఈ నగరమునకు పాతదే. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, మన తెలుగువారైన సి.ఆర్. రావుగారు చిరకాలము పనిచేసిన ఆ సంస్థలో, 1956 నాటికి పనిచేయుచుండిన హెచ్.ఇ.సి. 2ఎం యంత్రపు డ్రమ్ములో 1024 పదములకే చోటుండెను. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చునప్పటికి చోటు ఎంతో పెరిగినది. కాని హద్దు పోలేదు. దాని ఇంటెల్ 8088 ప్రాసెసరుకు చిరునామా తీగలు 20 మాత్రమే. అనగా 10,48,576 బైట్లకు మించి అది చూడలేదు. అందు 384 కిలోబైట్లు తెర మొదలగు వాని కొఱకు ప్రత్యేకింపబడగా, ప్రోగ్రాములకు మిగిలినవి 640.

1983లో లోటస్ 1-2-3 వెలువడిన పిదప ఆ 640 చాలదని తేలినది. ఆ ప్రోగ్రాము పద్దుల పత్రమునంతను మెమరీలోనే ఉంచుకొనును. చోటు నిండినచో పని ఆగును. బడ్జెటు అంచనాలు సగములో నిలిచిపోయిన అధికారి అవస్థ మన సభ్యులకు వేఱుగ చెప్పవలెనా?

లోటస్, ఇంటెల్ కంపెనీలు 1985లో ఒక ప్రమాణమును ప్రకటించెను. మైక్రోసాఫ్టు చేరిన పిమ్మట, అదే సంవత్సరము అది 3.2 సంఖ్యతో స్థిరపడెను. మూడు పేర్ల తొలి అక్షరములతో దానిని లిమ్ అనిరి; ఆ మెమరీకి ఎక్స్‌పాండెడ్ మెమరీ యని పేరు. ప్రత్యేకమైన కార్డుపై 8 మెగాబైట్ల వరకు ఉంచవచ్చును. ప్రాసెసరు చూడగల మేరలో 64 కిలోబైట్ల కిటికీ యొకటి, అందు 16 కిలోబైట్ల అరలు నాలుగు. ఇవియే మన జెట్టీలు. ప్రోగ్రాము కోరిన పుటను కార్డు ఆ అరలో కనబడునట్లు చేయును. సరకు కదలదు, చిరునామా మాత్రమే మారును. ఏ.ఎస్.టి., క్వాడ్రామ్, ఆష్టన్-టేట్ కంపెనీలు వేఱొక పద్ధతిని తేగా, 1987 నాటి 4.0 ప్రమాణము అందలి సదుపాయములను కలుపుకొని హద్దును 32 మెగాబైట్లకు పెంచెను. పోటీదారులు ఇంత త్వరగా రాజీపడుట అరుదు.

కార్డు లేనివారి కొఱకు సిమ్యులేటర్లు పుట్టెను. కార్డు ఉన్నదని ఇవి ప్రోగ్రామును నమ్మించును. కొన్ని పుటలను హార్డు డిస్కుపై దాచును. కొన్ని 80286 యంత్రములలో 1 మెగాబైటుకు పైనున్న ఎక్స్‌టెండెడ్ మెమరీలో దాచును. ఇక్కడ సరకు నిజముగా కదలవలెను: అడిగినపుడెల్ల పుటను కిటికీలోనికి నకలు చేసి, మరల వెనుకకు చేర్చవలెను. ఆలస్యమును సహింపవచ్చును, అసలు దోషము వేఱు. ప్రోగ్రాము ఒకే పుటను ఒకేసారి రెండు అరలలో కోరవచ్చును. కార్డులో పుట ఒక్కటే గనుక, ఒక అరలో వ్రాసినది రెండవ దానిలోను కనబడును. ఇట్టి సిమ్యులేటరులో నున్నవి రెండు నకళ్ళు. ఒకదానిపై వ్రాసినది రెండవదానికి తెలియదు. ఒకే ఫైలుకు రెండు ప్రతులు తిరిగి, రెంటిపై వేర్వేఱు నోట్లు పడుట ఎఱిగిన సెక్షను ఉద్యోగులకు ఈ చిక్కు వివరింప నక్కఱలేదు. అంకెలు తప్పును, హెచ్చరిక రాదు.

80386 ప్రాసెసరు వచ్చిన పిమ్మటనే ఈ చిక్కు తీరినది. పుటల చిరునామాలను మార్చు ఏర్పాటు ప్రాసెసరులోనే యుండుటచే, నకళ్ళు లేకయే కార్డు పని జరిగెను. 1986 నాటి కంపాక్ డెస్క్‌ప్రో 386తో సి.ఇ.ఎం.ఎం., తరువాత మైక్రోసాఫ్టు డాసుతో ఇ.ఎం.ఎం.386 అట్టివి. కాని 1990లో వచ్చిన విండోస్ 3.0 ఎక్స్‌టెండెడ్ మెమరీనే నేరుగా వాడుకొనుటతో కిటికీ అవసరమే తగ్గసాగెను.

విద్యార్థి దశలో నేను కాన్ఫిగ్.సిస్ ఫైలులో ఇ.ఎం.ఎం.386 వరుసను అర్థము తెలియకయే టైపు చేసితిని. దాని చివర నోఇఎంఎస్ అను మాట యుండెడిది. ఎక్స్‌పాండెడ్ మెమరీ కొఱకే పుట్టిన ఆ ప్రోగ్రామును, ఎక్స్‌పాండెడ్ మెమరీ వలదని చెప్పి, 640కి పైనున్న ఖాళీ చోట్లకై మాత్రమే నడుపుచుంటిమని చాలకాలమునకు గాని నాకు తెలియలేదు.