గ్రామీణ ప్రజా రవాణాలో వికలాంగుల సౌలభ్యం

గ్రామాలలో నివసించే వికలాంగులు బస్సులు, రైళ్ళు, ఆటోల వంటి ప్రజా రవాణా సాధనాలను క్షేమంగా, గౌరవంగా, వీలైనంతవరకు ఇతరుల సాయం లేకుండా వినియోగించుకోగల పరిస్థితిని గ్రామీణ ప్రజా రవాణాలో సౌలభ్యం అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. ఇది దేశ జనాభాలో 2.21 శాతం. వీరిలో 1.86 కోట్ల మంది, అనగా సుమారు 69 శాతం, గ్రామీణ ప్రాంతాలవారే. అయితే తక్కువ ఎత్తు బస్సులు, లిఫ్టులున్న మెట్రో స్టేషన్లు మొదలైన ఏర్పాట్లు ఎక్కువగా నగరాలకే పరిమితమై ఉన్నాయి.

పదజాలం

తెలుగులో "వికలాంగులు" అన్న పదం చిరకాలంగా వాడుకలో ఉన్నది. 2015 తరువాత ప్రభుత్వ వ్యవహారాలలో "దివ్యాంగులు" అన్న పదం వ్యాప్తిలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "విభిన్న ప్రతిభావంతులు" అన్న పదాన్ని కూడా వాడుతుంది.

ప్రాముఖ్యత

సాధారణంగా గ్రామంలో ప్రాథమిక పాఠశాల ఉంటుంది. ఉన్నత పాఠశాల, కళాశాల, బ్యాంకు, ఆసుపత్రి, తహసీల్దారు కార్యాలయం వంటివాటి కోసం చాలా గ్రామాలవారు మండల కేంద్రానికో, పట్టణానికో వెళ్ళవలసి ఉంటుంది. బస్సు ఎక్కలేని విద్యార్థి చదువు ఊరి బడితోనే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. తోడు వెళ్ళే కుటుంబ సభ్యుడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. ఆటోను ప్రత్యేకంగా మాట్లాడుకుంటే బస్సు ఛార్జీకి అనేక రెట్లు ఖర్చవుతుంది.

వైకల్య ధ్రువపత్రం విషయంలో ఈ ఇబ్బంది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పింఛను, ప్రయాణ రాయితీ మొదలైనవాటికి ధ్రువపత్రం అవసరం. తెలుగు రాష్ట్రాలలో "సదరం" పేరుతో ప్రసిద్ధమైన ఈ పరీక్షలకు ఆసుపత్రిలో జరిగే శిబిరానికి స్వయంగా హాజరు కావాలి. అనగా రాయితీకి అర్హత సంపాదించే ప్రయాణాన్ని రాయితీ లేకుండానే చేయవలసి వస్తుంది.

ప్రయాణంలోని దశలు

ఒక ప్రయాణంలో ఇంటి నుండి రోడ్డుకు చేరడం, బస్సు కోసం వేచి ఉండడం, బస్సును గుర్తించడం, ఎక్కడం, కూర్చోవడం, దిగడం, అక్కడి నుండి గమ్యానికి చేరడం అనే దశలు ఉంటాయి. దీనిని గొలుసుతో పోల్చవచ్చు. ఒక్క లంకె తెగినా ప్రయాణం సాగదు. బస్సులో లిఫ్టు ఉన్నా, ఊరి నుండి రోడ్డు వరకు బురద దారి అయితే చక్రాల కుర్చీ అక్కడికి చేరదు.

అవసరాలు వైకల్యాన్ని బట్టి మారుతాయి. అంధులకు వచ్చిన బస్సు ఏదో, దిగవలసిన ఊరు ఎప్పుడు వస్తుందో కండక్టరు బిగ్గరగా చెప్పడం అవసరం. వినికిడి లోపం ఉన్నవారికి స్పష్టంగా వ్రాసిన బోర్డు కావాలి. ఊతకర్రలు వాడేవారికి గట్టి పట్టుకడ్డీలు, కర్రలు పెట్టుకునే చోటు కావాలి. మేధోవైకల్యం ఉన్నవారికి సిబ్బంది ఓపిక ముఖ్యం.

బస్సు నిర్మాణం

గ్రామీణ బస్సులను చాలావరకు లారీ తరహా ఛాసిస్‌పై నిర్మిస్తారు. ఇందువలన లోపలి అంతస్తు నేల నుండి రమారమి ఒక మీటరు ఎత్తులో ఉండి, రెండు మూడు మెట్లు ఎక్కవలసి వస్తుంది. నగరాలలో వాడే తక్కువ ఎత్తు బస్సు అంతస్తు సుమారు 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కానీ గుంతలు, ఎత్తుపల్లాలు ఉన్న రోడ్లపై ఇటువంటి బస్సు అడుగుభాగం నేలకు తగిలే అవకాశం ఉన్నది. అందువలన నగరపు బస్సును యథాతథంగా పల్లెకు పంపడం అన్నిచోట్లా సాధ్యం కాదు.

ఇందుకు ప్రత్యామ్నాయాలు కొన్ని కలవు. అవి:

బస్సుకు బిగించే హైడ్రాలిక్ లిఫ్టు
మడతపెట్టి ఉంచే వాలుబల్ల
నేలకు దగ్గరగా ఉండే అదనపు మెట్టు
బస్టాపులో వాలుదారి గల ఎత్తైన అరుగు

అరుగు ఉన్నచోట కూడా డ్రైవరు బస్సును దాని పక్కకు ఆనించి నిలిపినప్పుడే అది ఉపయోగపడుతుంది. నడిరోడ్డుపై ఆపితే ఆ ఖర్చు వృథాయే.

చట్టాలు

1995 నాటి వికలాంగుల చట్టం రవాణాలో వివక్ష ఉండరాదని చెప్పినప్పటికీ, ఆ బాధ్యతను సంస్థల ఆర్థిక స్థోమతకు లోబడినదిగా పేర్కొన్నది. ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. ఈ ఒడంబడిక 9వ అధికరణం పట్టణాలతో పాటు గ్రామీణ ప్రాంతాలలోనూ రవాణా సౌలభ్యం ఉండాలని స్పష్టంగా చెబుతుంది.

2015 డిసెంబరు 3న కేంద్ర ప్రభుత్వం సుగమ్య భారత్ అభియాన్‌ను ప్రారంభించింది. ప్రభుత్వ బస్సులలో కొంత భాగాన్ని పూర్తి సౌలభ్యం గలవిగా మార్చడం దీని లక్ష్యాలలో ఒకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఇది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీని 41వ సెక్షను బస్టాపులు, వాహనాలు, రోడ్లు మూడింటినీ ప్రస్తావిస్తుంది. అయితే పాత వాహనాల మార్పును సాంకేతికంగా, ఆర్థికంగా వీలైన మేరకే కోరుతుంది. 2019 డిసెంబరులో సవరించిన మోటారు వాహనాల నియమాలు బస్సులలో ప్రాధాన్య సీట్లు, పట్టుకడ్డీలు, చక్రాల కుర్చీ నిలిపే ఏర్పాటు వంటివి ఉండాలని నిర్దేశించాయి.

రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇస్తూ, సౌలభ్య ప్రమాణాలను కేవలం సూచనలుగా ఉంచిన 2017 నాటి నియమాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించాలని ఆదేశించింది. ఈ కేసులో కోర్టుకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

రెండు రాష్ట్రాలలోనూ పల్లెలను కలిపే ప్రధాన సర్వీసు ఆర్టీసీ "పల్లెవెలుగు" బస్సు. వీటిలో వికలాంగులకు సీట్లు కేటాయించడం, ఛార్జీలలో రాయితీ ఇవ్వడం ఎంతోకాలంగా ఉన్న పద్ధతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు కల్పించిన ఉచిత ప్రయాణం వికలాంగ మహిళలకూ వర్తిస్తుంది. ఇవి ఛార్జీ భారాన్ని తగ్గించినా, మెట్లు ఎక్కలేనివారి సమస్య మాత్రం అలాగే ఉన్నది. బస్సు నడవని ఊళ్ళకు షేర్ ఆటోలే ఆధారం. కిక్కిరిసిన ఆటోలో చక్రాల కుర్చీకి చోటు దొరకదు. మూడు చక్రాల మోటారు వాహనాలు కొందరికి ఉపకరిస్తున్నప్పటికీ, అంధులకు, వాహనం నడపలేనివారికి అవి ప్రజా రవాణాకు ప్రత్యామ్నాయం కాలేవు.

ఇతర దేశాలలో

అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం ప్రజా రవాణా సంస్థలు కొనే కొత్త బస్సులు చక్రాల కుర్చీకి అనువుగా ఉండాలి. అక్కడి అనేక గ్రామీణ ప్రాంతాలలో, ముందుగా ఫోను చేస్తే ఇంటికి వచ్చే చిన్న బస్సులు నడుస్తాయి. బ్రిటన్‌లో 2000 నాటి నియమావళి 22 మందికి మించి ప్రయాణించే బస్సులకు సౌలభ్యాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. ఒకే అంతస్తు గల లోకల్ బస్సులకు దీని గడువు 2016 జనవరి 1తో ముగిసింది.

తక్కువ ఖర్చుతో చేయదగినవి

బస్సును అరుగు పక్కన నిలపడం, వికలాంగులు కూర్చున్న తరువాతే కదిలించడం, ఊళ్ళ పేర్లు పిలవడం, కేటాయించిన సీట్లను ఖాళీ చేయించడం వంటి పనులకు కొత్త వాహనాలు అవసరం లేదు. మెట్ల అంచులకు పసుపు రంగు వేయడం, బస్టాపు వరకు చదునైన దారి వేయడం స్వల్ప వ్యయంతో అయ్యే పనులే. వృద్ధులకు, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు కూడా ఇవి ఉపకరిస్తాయి.