భద్రతా పిన్నుల తాళం ముందు రేకింగ్ ఎందుకు తడబడుతుంది?

తాళంచెవి లేకుండా పిన్నుల తాళాన్ని తెరిచే పద్ధతుల్లో అతి త్వరగా పట్టుబడేది రేకింగ్. నేర్చిన చేతికి చవక తాళం కొన్ని క్షణాల పని. అదే చేయి భద్రతా పిన్నులు గల తాళం దగ్గర గంటసేపు శ్రమించినా ఫలితం ఉండకపోవచ్చు. ఈ తేడాకు కారణం తెలిస్తే, తాళం కొనేటప్పుడు దేనికి డబ్బు చెల్లిస్తున్నామో తెలుస్తుంది.

బల్లపరుపు తాళంచెవితో తెరుచుకునే నేటి పిన్నుల తాళానికి రూపమిచ్చినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్. ఆయన పేటెంట్లు 1861, 1865 సంవత్సరాలవి. ఇత్తడి గుల్లలో ప్లగ్ అనే చిన్న గుండ్రని దిమ్మె తిరుగుతుంది. ఆ రెండింటిలోకీ సాగే సన్నని రంధ్రాలు సాధారణంగా ఐదో ఆరో ఉంటాయి. ప్రతి రంధ్రంలోనూ తాళంచెవిని తాకే కింది పిన్ను, దానిపై మరొక పిన్ను, ఆపైన స్ప్రింగు. పై పిన్నులు సగం గుల్లలో, సగం ప్లగ్గులో ఉన్నంతవరకు ప్లగ్ కదలదు. సరైన తాళంచెవి దూరినప్పుడు రెండు పిన్నుల మధ్య సందు అన్ని రంధ్రాలలోనూ ప్లగ్ అంచుకు వస్తుంది. అప్పుడే అది తిరుగుతుంది.

రంధ్రాలన్నీ ఒకే గీతపై లోపం లేకుండా ఉంటే రేకింగ్ పుట్టేదే కాదు. ఏ యంత్రమూ అంత ఖచ్చితంగా రంధ్రాలు వేయలేదు. అందువల్ల ప్లగ్గును కొద్దిగా తిప్పబోతే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు. ఒకదాని తరువాత ఒకటి బిగుస్తాయి. బిగిసిన పిన్నును పైకి నెట్టగానే ప్లగ్ వెంట్రుకవాసి కదిలి, పై పిన్నును మళ్లీ దిగనివ్వదు. ఒక చేతితో సన్నని పట్టీని పట్టి ప్లగ్గుపై స్వల్పమైన బిగువు ఉంచుతూ, రెండవ చేతితో అలల వంటి అంచుగల పనిముట్టును లోపలికీ బయటికీ ఆడించడమే రేకింగ్. ఏ పిన్ను ఎక్కడ ఉందో చూసుకునే పని లేదు. దాని బలమూ బలహీనతా అదే.

భద్రతా పిన్ను సరిగ్గా ఆ బిగువునే తనకు అనుకూలంగా మార్చుకుంటుంది. స్పూల్ పిన్ను దారపు రీలు వలె నడుము సన్నగా, రెండు చివరలూ లావుగా ఉంటుంది. ప్లగ్గుపై బిగువు ఉండగా దానిని పైకి నెడితే సన్నని నడుము అంచు దగ్గరికి వచ్చి, ప్లగ్ కొన్ని డిగ్రీలు తిరిగి ఆగిపోతుంది. తాళం తెరుచుకోబోతున్నట్లే ఉంటుంది; తెరుచుకోదు. దీనిని ఫాల్స్ సెట్ అంటారు. ఇక ఎంత తిప్పితే పిన్ను లావు చివర అంత గట్టిగా పట్టుకుంటుంది. అది దాటాలంటే ప్లగ్ కొంచెం వెనుకకు మళ్లాలి. బిగువు అతిగా సడలిస్తే అంతవరకు నిలిచిన పిన్నులు జారిపోతాయి. పుట్టగొడుగు ఆకారపు పిన్నులదీ దాదాపు ఇదే తీరు. గాట్లు గల పిన్నులు మరొక రకం. ఒక్కొక్క గాటూ అంచుకు తగిలి, పని పూర్తయిందన్న భ్రమ కలిగిస్తుంది.

అయినా రేకింగ్ పూర్తిగా వ్యర్థం కాదు. బిగువు చాలా తేలికగా ఉంచి, వేగంగా లాగడం మాని, పనిముట్టును మెల్లగా ఊయల వలె ఊపితే ఫాల్స్ సెట్ వరకు రావచ్చు. అనుభవజ్ఞులు అక్కడ దానిని పక్కనబెట్టి, కొక్కెం వంటి పనిముట్టుతో ఒక్కొక్క పిన్నునూ విడిగా సరిచేస్తారు. ప్లగ్ వెనుకకు నెట్టినట్లు చేతికి తెలిసిందంటే స్పూల్ పిన్ను దొరికినట్లే.

ఇవన్నీ బహిరంగంగా వ్రాయవచ్చునా అనే ప్రశ్న పాతదే. 1851లో లండన్ మహాప్రదర్శన సమయాన అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అజేయమని పేరుపడిన చబ్, బ్రామా తాళాలను తెరిచి చూపాడు. నాడూ ఇదే వివాదం రేగింది. దొంగకు ముందే తెలిసిన సంగతి కొనేవారికి తెలియకుండా ఉంచడం వల్ల లాభపడేది నాసిరకం తాళం చేసేవారే అని నా అభిప్రాయం.

కొనేటప్పుడు పెట్టెపై ఉన్న పిన్నుల సంఖ్య ఒక్కటే చూడరాదు. సాదా పిన్నులు ఆరు ఉన్నదానికన్నా, పని ఖచ్చితంగా ఉండి కొన్ని స్పూల్ పిన్నులు కలిసిన ఐదు పిన్నుల తాళం మేలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన దిండిగల్లు తాళాలు సంప్రదాయంగా లీవరు రకానివి. వాటి లెక్క వేరు.

అభ్యాసం చేయగోరేవారు సొంత తాళంపైనే, అదీ వాడుకలో లేనిదానిపైనే చేయాలి. పనిముట్టు కొన విరిగి లోపల ఉండిపోతే అసలు తాళంచెవి కూడా దూరదు.