గాలికుంటు వ్యాధి నివారణ

ఆవు, గేదె, గొర్రె, మేక, పంది వంటి చీలిన గిట్టల జంతువులకు సోకే వైరస్ వ్యాధి గాలికుంటు. గాలిలో వస్తుంది, పశువును కుంటిస్తుంది. వ్యాధి వచ్చే తీరునూ, దాని లక్షణాన్నీ రైతులు ఒక్క పేరులోనే ఇమిడ్చారు. నోట్లో, గిట్టల సందున బొబ్బలు లేస్తాయి, చొంగ తీగలుగా కారుతుంది. పెద్ద పశువులు చాలావరకు కోలుకుంటాయి. అయినా పాలు పడిపోతాయి, దుక్కుల వేళకు ఎద్దు కాడి కిందికి రాదు, పాలు తాగే దూడలు గుండె దెబ్బతిని చనిపోతాయి.

బ్యాక్టీరియాను ఆపే వడపోత గొట్టాలను దాటిపోయే సూక్ష్మజీవే దీనికి మూలమని జర్మనీలో శాస్త్రవేత్తలు లోఫ్లర్, ఫ్రోష్ 1898లో తేల్చారు. జంతువుల్లో వైరస్ వ్యాధిని గుర్తించడం అదే మొదలు.

2001లో బ్రిటన్‌లో ఈ వ్యాధి చెలరేగినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను చంపి అదుపు చేశారు. రెండు బర్రెల పాలమీద ఇల్లు గడిచే మన పల్లెల్లో ఆ పద్ధతి కుదరదు, కుదరకూడదు కూడా. ఇక్కడ టీకాయే దారి. పశువుల మరో అంటువ్యాధి ముసరను టీకాతోనే తరిమాం: 1954లో జాతీయ కార్యక్రమం మొదలైంది, 2006లో భారత్‌కు, 2011లో ప్రపంచానికి విముక్తి ప్రకటించారు. గాలికుంటు అంత తేలిగ్గా లొంగలేదు. ముసర టీకా ఒక్కసారి వేస్తే ఏళ్ల తరబడి కాచేది. గాలికుంటు టీకా బలం నెలల్లోనే తగ్గుతుంది. పైగా మన దేశంలో తిరిగే ఓ, ఎ, ఆసియా-1 రకాల్లో ఒకదానికి వచ్చిన రక్షణ మరోదానికి పనికిరాదు. అందుకే మూడింటికీ కలిపి టీకా చేస్తారు.

ఆ టీకా తయారీలో హైదరాబాద్‌ది పెద్ద పేరు. పాల ఉత్పత్తి పెంచేందుకు సాగిన పాల వెల్లువ కాలంలో ఊరూరా పెరిగిన సంకర జాతి ఆవులను ఈ వ్యాధి మరీ కుంగదీసింది. దాంతో జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను స్థాపించి గచ్చిబౌలిలో కర్మాగారం పెట్టింది. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వైరస్‌ను వృద్ధి చేసి, చంపి, టీకాగా మారుస్తారు. పాడి కోసం పుట్టిన సంస్థే పశువు రక్షణ బాధ్యతనూ తలకెత్తుకోవడం ఈ చరిత్రలో గొప్ప మలుపు.

ప్రభుత్వ టీకా కార్యక్రమం 2003-04లో 54 జిల్లాలతో మొదలైంది. 2019 సెప్టెంబరులో దేశమంతటికీ వర్తించే కొత్త పథకం వచ్చింది, 2030 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యం. దూడకు నాలుగు నెలలు నిండగానే తొలి టీకా, నెల తర్వాత మరొకటి, ఆపై ఆరు నెలలకోసారి తప్పక వేయించండి. చొంగ కార్చే పశువును సంతకు తోలకండి.