లోకల్ ఎవరు? నాన్ లోకల్ ఎవరు?

మాది గుర్రంకొండ. మా కొండమీది కోటను కడప నవాబులు, మరాఠాలు, హైదరాలీ ఒకరి తర్వాత ఒకరు ఏలారు. 1800లో నిజాం దత్తం చేసిన మండలాలతో పాటు అది కుంఫిణీ వారి చేతికి పోయింది. ఇంతమంది వచ్చిపోయిన చోట ఎవరు పాతకాపులు, ఎవరు కొత్తగా వచ్చినవారు అని లెక్క తీయడం ఎవరి తరం? అయినా నౌకరీలో చేరాక ఆ లెక్కే నా పని అయింది.

ఈ తగాదా పూర్వాపరాలు మన సభ్యుల్లో చాలామందికి తెలిసినవే. హైదరాబాదు సంస్థానంలో 1919 నాటి నిబంధనల ప్రకారం 15 ఏళ్లు నివాసమున్నవారు ముల్కీలు. 1948 పోలీసు చర్య తర్వాత కోస్తా నుంచి, మద్రాసు నుంచి ఉద్యోగులు వచ్చేసరికి స్థానికులకు కడుపు మండింది. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే ఇటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది.

కోస్తావారు ముందుకు పోతారనే భయం మన సీమకూ ఉండేది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఆ భయంలోంచి పుట్టినదే.

చివరకు 1973లో ఆరు సూత్రాలు, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. జిల్లా స్థాయి గుమాస్తా ఉద్యోగాల్లో 80 శాతం లోకల్ వారికి. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడే లోకల్.

ఆ తర్వాత కొన్నేళ్లకు పదో తరగతి అర్హతగల ఒక ఉద్యోగానికి మా ఊరి కుర్రవాడు దరఖాస్తు పెట్టాడు. తండ్రి పోతే మేనమామ కోలారుకు తీసుకుపోయి ఏడు నుంచి పది దాకా చదివించాడు. స్టడీ సర్టిఫికెట్లు చూసి ‘నాన్ లోకల్’ అని నేనే రాశాను. అదే జాబితాలో, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సహోద్యోగి కొడుకు, మదనపల్లెలో చదివినవాడు, లోకల్ అయ్యాడు. ఓపెన్‌లో మావాడికి మార్కులు చాలలేదు.

వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. “అన్నా, తాతల కాలం నుంచీ ఈ ఊళ్లోనే ఉండాము. నా కొడుకు పరాయోడెట్లయినాడు?” అంది. రూలు అది తల్లీ అన్నాను. ఆమె మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ రూలును నేను ఈనాటికీ తప్పు పట్టను. ఇక్కడి బడిలో పెరిగిన సహోద్యోగి కొడుకు ఎవరి కూడూ లాక్కోలేదు. కులగోత్రాలు, తాతముత్తాతలు చూడకుండా బడి రిజిస్టరు చూడడం వల్ల వీధిలో తేలని తగాదా కాగితం మీదికి వచ్చింది. కానీ చదువుకోసం పక్క రాష్ట్రానికి పోయే మనలాంటి సరిహద్దు తాలూకాల పిల్లలు దానికి మూల్యం చెల్లించారు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉద్యోగుల పంపకంలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. నాకు మాత్రం కోర్టు తీర్పులకన్నా ముందు, ముట్టని ఆ మజ్జిగ గ్లాసే గుర్తుకొచ్చింది.