ఓచరు లేని పద్దు: బ్యాటరీ కథ

భిలాయిలో మన తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట కరెంటు ప్రసక్తి వస్తే రెండు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. ఒకటి: "బ్యాటరీ కనిపెట్టింది వోల్టా కాదండీ, మన అగస్త్య మహర్షి." రెండోది: "ఇంట్లో లిథియం బ్యాటరీ పెట్టించుకుంటే ఇక జన్మలో కరెంటు బిల్లు కట్టక్కర్లేదు." మొదటిది గతం గురించి, రెండోది భవిష్యత్తు గురించి. రెండింటికీ జబ్బు మాత్రం ఒకటే, ఓచరు లేకుండా పద్దు రాయడం. నేను రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ఆ భాషే వచ్చు. ఎంత పెద్ద ఆఫీసరు సిఫార్సు చేసినా ఓచరు లేని ఖర్చు పాస్ కాదు. చరిత్రకీ అదే నియమం పెడితే ఏమవుతుందో చూద్దాం.

ముందు అగస్త్యుడి పద్దు. మట్టికుండలో రాగిరేకు, మైలుతుత్తం, తడి రంపపు పొట్టు, పాదరసం పూసిన జింకు పెడితే విద్యుత్తు పుడుతుందని "అగస్త్య సంహిత"లో ఉందంటారు. 2018లో ఏఐసీటీఈ ఇంజనీరింగ్ విద్యార్థుల ఐచ్ఛిక పాఠానికి సూచించిన "భారతీయ విద్యా సార్" పుస్తకంలోకి కూడా ఈ అగస్త్యుడి బ్యాటరీ ఎక్కింది. శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు.

ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న: అసలు ప్రతి ఎక్కడుంది? దాని కాలం ఎవరు నిర్ణయించారు? పరీక్షకి నిలిచిన పాత ప్రతి ఏదీ ఇంతవరకూ ఎవరూ చూపలేదు. రెండో ప్రశ్న: ఈ వంటకం దేన్ని పోలి ఉంది? రాగి, మైలుతుత్తం, జింకు కలిస్తే అది 1836లో ఇంగ్లండులో జాన్ డేనియల్ చేసిన సెల్. జింకుకి పాదరసం పూయడం కూడా ఆ రోజుల్లోనే అలవాటైంది. తర్వాత తంతి కార్యాలయాల్లో వాడింది ఈ జాతి సెల్లులనే. వేల ఏళ్ళ నాటిదని చెప్పే శ్లోకం పందొమ్మిదో శతాబ్దపు పరికరానికి భాగం భాగంగా సరిపోతే ఆశ్చర్యపోవడం కాదు, అనుమానపడాలి. "వైమానిక శాస్త్రం" విషయంలో బెంగుళూరు ఐఐఎస్సీ వాళ్ళు 1974లో ఇలాంటి ఆడిటే చేసి, అది 1904కి ముందు రాసింది కాదని తేల్చారు.

ఇలా అడిగితే దేశద్రోహం అనుకునేవాళ్ళకి ఒక మాట. అదే జింకు విషయంలో మనకి నిజంగా గర్వపడే చరిత్ర ఉంది. రాజస్థాన్‌లోని జావర్‌లో యూరప్ కంటే కొన్ని శతాబ్దాల ముందే జింకుని బట్టీపట్టి తీశారు. అక్కడి తవ్వకాల్లో కొలుములు, మట్టి మూసలు వరసలు వరసలుగా దొరికాయి. ఓచరు అంటే అదీ. దాన్ని ఎవరూ కాదనలేదు.

ఇక వోల్టా పద్దు. 1800 మార్చి 20న ఆయన లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరం రాశాడు. వెండి, జింకు బిళ్ళల మధ్య ఉప్పునీట్లో తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతరగా పేర్చాలన్నాడు. కొద్ది వారాల్లోనే నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు లండన్‌లో అలాగే పేర్చి, ఆ కరెంటుతో నీటిని విడగొట్టారు. చెప్పింది చెప్పినట్టు ఇంకొకడు చేసి చూడగలగడమే శాస్త్రానికీ పురాణానికీ తేడా.

అయితే వోల్టా దొంతర అయిపోతే అయిపోయినట్టే. ఖాళీ అయ్యాక మళ్ళీ నింపుకోగల సీసం-ఆమ్లం బ్యాటరీ 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేతిలో పుట్టింది. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ పక్కన కూర్చున్నది దాని మనవడే. విశాఖ ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామిని చూసిన తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. నీటి అడుగున దాన్ని నడిపింది బ్యాటరీలే. ఆ బ్యాటరీలని నింపింది డీజిల్ ఇంజన్లు. ఎంత నింపుకుంటే అంతలోపే ప్రయాణం. అడుగున ఉన్నవాడికి "ఉచిత కరెంటు" భ్రమ ఉండదు.

లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ బజారులోకి తెచ్చింది. 1997లో టెక్సస్‌లో గుడినఫ్ బృందం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే పదార్థాన్ని ప్రకటించింది. ఆ పత్రంలో గుడినఫ్ పక్కన పాఢి, నంజుండస్వామి అనే మన దేశపు పేర్లున్నాయి. ఈ రోజు ఇంటి బ్యాటరీల్లో ఎక్కువగా కనిపించేది ఆ పదార్థమే. మనవాళ్ళ పేరు బ్యాటరీ చరిత్రలో ఉండాలని కోరేవాళ్ళు ఈ పద్దు ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

అదే 1997లో అమెరికాలో కెంప్టన్, లెటెండ్రే అనే ఇద్దరు ఇంకో ఆలోచన రాశారు. కారు రోజులో ఎక్కువ భాగం ఊరికే నిలబడి ఉంటుంది. ఎలక్ట్రిక్ కారైతే దాని బ్యాటరీలోంచి కరెంటు వెనక్కి తీసుకోవచ్చు కదా అన్నారు. 2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చి కరెంటుకీ పెట్రోలుకీ కటకట ఏర్పడింది. మరుసటి ఏడే నిస్సాన్ తన లీఫ్ కారు నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. కారులో 24 యూనిట్లు పట్టేవి, మామూలు ఇంటికి రెండు రోజులు వస్తుందని లెక్క. మన దేశంలో 2023లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5, కొత్త టాటా నెక్సాన్ ఈవీ కార్లలో బయటి సామాన్లకి కరెంటు ఇచ్చే వీలుంది.

పెద్ద నిల్వ చూడాలంటే మనం ఎక్కడికో పోనక్కర్లేదు. భిలాయి నుంచి దుర్గ్ దాటి పడమటికి వెళితే రాజ్‌నందగావ్. అక్కడ 100 మెగావాట్ల సౌర కేంద్రంతో పాటు 40 మెగావాట్లు, 120 మెగావాట్-గంటల బ్యాటరీ ఉంది. 2024 ఫిబ్రవరిలో దాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. మన లెక్కలో అది లక్షా ఇరవై వేల యూనిట్లు. పగటి ఎండని సాయంత్రం మూడు గంటలపాటు 40 మెగావాట్ల చొప్పున ఇవ్వగలదు. అది కరెంటుని పుట్టించదు, మధ్యాహ్నం జమని సాయంత్రం ఖర్చుకి మార్చుతుందంతే. కమీషను కూడా పట్టుకుంటుంది. నూరు వేస్తే నూరు ఎప్పుడూ రాదు.

ఇప్పుడు ఇంటి లెక్క. అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, మీ కొటేషన్‌లో ఉన్నవి మీరు వేసుకోండి. 5 యూనిట్లు ఇచ్చే లిథియం బ్యాటరీ లక్ష రూపాయలు, ఆయుర్దాయం పదేళ్ళు అనుకుందాం. రోజూ నింపి రోజూ వాడితే 18,250 యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్‌కి నిల్వ ఖర్చే సుమారు 5 రూపాయల 48 పైసలు. 2023లో కేంద్రం సవరించిన నియమాలు పగటి సౌర గంటల్లో రేటు కనీసం 20 శాతం తగ్గించమనీ, పీక్ గంటల్లో పెంచమనీ చెప్పాయి. 5 రూపాయల రేటు పగలు 4, సాయంత్రం 5.50 అయిందనుకోండి. పగలు 4కి కొని, పది శాతం నష్టపోయి, నిల్వ ఖర్చు కలిపితే చేతికొచ్చే యూనిట్ దాదాపు 10 రూపాయలు పడుతుంది. సాయంత్రం 5.50కి దొరికే సరుకుని 10 రూపాయలకి తయారు చేసుకున్నట్టు! ఇంటిమీద సోలార్ పెట్టి నెట్ మీటరింగ్ ఉన్నవాళ్ళకి గ్రిడ్డే బ్యాంకు. బిల్లు తగ్గడానికి వాళ్ళకి బ్యాటరీ అవసరం ఇంకా తక్కువ.

అయితే బ్యాటరీ దండగా? కాదు. పద్దు మార్చి రాయాలి, అంతే. కరెంటు పోయినప్పుడు ఆదుకునేది బీమా. ఏడాదికి ఇరవై రోజులే అక్కరకొస్తే పదేళ్ళలో వాడేది 1,000 యూనిట్లు, యూనిట్ వంద రూపాయలు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద మనిషి ఉంటే అది చవకే. లేకపోతే ఆలోచించాలి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కూలినా ఛత్తీస్‌గఢ్ ఉన్న పశ్చిమ గ్రిడ్ నిలబడింది. ఎంత బీమా కావాలో ఊరిని బట్టి ఉంటుంది, సేల్స్‌మన్‌ని బట్టి కాదు.

కారు సంగతి కాస్త నయం. బ్యాటరీ ఎలాగూ కొన్నదే, కాబట్టి అదనపు ఖర్చు అరుగుదల ఒక్కటే. 30 యూనిట్ల కారులో ప్రయాణానికి పది ఉంచుకుని ఇరవై తీస్తే, రోజుకి 8 యూనిట్లు వాడే ఇంటికి రెండున్నర రోజులు. కానీ ఒక హెచ్చరిక. కారు తీగని తిన్నగా ఇంటి స్విచ్ బోర్డులో గుచ్చకండి. మెయిన్‌ని విడగొట్టే చేంజోవర్ స్విచ్ లేకపోతే కరెంటు వీధిలోకి ఎదురెక్కుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ చచ్చిపోతాడు. ఆ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

బ్యాటరీతో మోటారు, మోటారుతో జనరేటరు, జనరేటరుతో మళ్ళీ అదే బ్యాటరీ నింపి "ఫ్రీ ఎనర్జీ" అని వీడియోలు చూపేవాళ్ళకీ ఇదే ప్రశ్న: జమ ఎక్కడ? ప్రతి మెట్టులోనూ కమీషను పోతుంటే ఖాతా పెరగడం ఎలా?

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు దీనిలో పెట్టబోయేవాళ్ళకి నా సలహా ఒకటే. మూడు నెలలపాటు ఒక నోటుపుస్తకంలో మీ ఇంట కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది, రోజుకి ఎన్ని యూనిట్లు కాలాయి అని రాసుకోండి. అమ్మేవాణ్ణి పిలిచి, ఆ పుస్తకం ముందు పెట్టి అప్పుడు మాట్లాడండి.