ఆవిరి చేసిన మేలు, కీడు



మే నెలలో మన చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ రోజుల్లో ఇంటింటా మట్టికుండ, కిటికీకి వట్టివేళ్ళ తడక కనిపిస్తాయి. వట్టివేరును మరాఠీవారు వాళా అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే. నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. ఊర్జానగర్ విద్యుత్ కేంద్రంలో శీతలీకరణ గోపురాలు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. 1983లో మొదటి యూనిట్ మొదలైన ఆ కేంద్రానికి ఇరాయ్ జలాశయమే నీటి ఆధారం.

ఈ సూత్రాన్ని యంత్రంలో బిగించడానికి చాలా కాలం పట్టింది. ఈథర్‌ను ఆవిరి చేసి చల్లదనం పుట్టించిన తన ప్రయోగాలను స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్ 1756లో ప్రచురించారు. 1834లో జేకబ్ పెర్కిన్స్ ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చి, మళ్ళీ మళ్ళీ వాడుకునే యంత్రానికి పేటెంటు పొందారు. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్ అచ్చు కర్మాగారం కోసం గాలిలోని తేమను అదుపు చేసే పద్ధతి రూపొందించారు. నేటి ఏ.సి.లో లోపలి గొట్టాల చుట్టను ఎవాపరేటర్ అంటారు. గ్యాస్ ద్రవంగా వచ్చి, ఆవిరిగా మారి, గది వేడిని పీల్చుకునేది అక్కడే.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. అమెరికా ఇంజనీరు థామస్ మిడ్గ్‌లీ 1921లో పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టారు. 1928లో ఆయన బృందమే ఫ్రియాన్ గ్యాసును తయారు చేసింది. అది మండదు, విషం కాదు అని అందరూ సంతోషించారు. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఆ జాతి వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. సీసం పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది. 2010 నుండి ఫ్రియాన్ జాతి గ్యాసుల సామాన్య వాడకమూ నిలిచింది. కార్లలో ఆర్-12 స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్‌ను ముట్టదు. కాని భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లకు పైబడిన శక్తి దానిది.

కారులో మరో ఆవిరి ఉంది. ఎండలో నిలిచిన బండి ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూ గాలిలో కలిసి పొగమంచుకు కారణమవుతుంది. కాలిఫోర్నియా 1970 నుండి దీనికి కట్టడి పెట్టింది. ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఉంచి, ఇంజను నడిచేటప్పుడు అందులోకే పంపి కాల్చేస్తారు. మన దేశంలో 2017 నుండి బి.ఎస్.-4 నిబంధనలతో ద్విచక్ర వాహనాలకూ ఈ ఏర్పాటు వచ్చింది.

ఒక ఆవిరి మనకు కావాలి, మరొక ఆవిరిని ఆపాలి. రెండింటిలోనూ రిపేరు మాట ఒకటే: కారే చోటు వెదకకుండా నింపడం వృథా. ప్రతి వేసవీ ఏ.సి.లో గ్యాస్ కొట్టిస్తూ పోతే డబ్బు, గాలి రెండూ పోతాయి. మంచి మెకానిక్ నత్రజనితో ఒత్తిడి పెట్టి, సబ్బు నురుగుతో లీకు పట్టి, అతికి, గొట్టాల్లో గాలి, తేమ లేకుండా లాగి, తర్వాతే గ్యాస్‌ను తూకం వేసి నింపుతాడు. చాలా కొత్త ఇంటి ఏ.సి.ల్లోని ఆర్-32కు మండే గుణం ఉంది కనుక దగ్గర నిప్పు ఉండకూడదు. ఇక బండికి పెట్రోలు మూత వరకు పోయించకండి. ద్రవం బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. చీలిన గొట్టాన్ని మార్చండి గాని, డబ్బానే తీసి పారేయనివ్వకండి.

బొగ్గు దుమ్ము, ఎండ రెండూ ఎరిగిన ఊరు మనది. ఇక్కడ ఒక లీకు మూసిన మెకానిక్ ఒక ఇంటికే కాదు, వీధి అంతటికీ మేలు చేసినట్లే. సెలవు.